విద్యాశాఖ మంత్రి గారికి: ఆ కౌన్సిలర్ గది తాళం తీయించండి

అయ్యా, నమస్కారం.

మావాడి కాలేజీలో తాళం వేసి ఉన్న కౌన్సిలింగ్ గది గురించి, కలెక్టరేట్‌లో సోమవారం అర్జీలు తీసుకునే చోటికి మూడుసార్లు వెళ్లొచ్చాను. మూడు రసీదులూ నా దగ్గరున్నాయి. మూడోదానికి "పరిష్కరించబడినది" అని ఫోన్‌కి మెసేజ్ కూడా వచ్చింది. ఏం పరిష్కరించారని అడగడానికి వెళ్తే, ఆన్‌లైన్‌లో క్లోజ్ అయిపోయింది, మళ్లీ కొత్తగా పెట్టుకోండి అన్నారు. అందుకే ఇక మీకే రాస్తున్నాను.

మావాడు ఇంజినీరింగ్ రెండో సంవత్సరం, హాస్టల్లో ఉండేవాడు. కాలేజీ పేరు రాయను, వాడి స్నేహితులు ఇంకా అక్కడే చదువుకోవాలి. మూడు సబ్జెక్టులు పోయాక ముందు క్లాసుకి వెళ్లడం మానేశాడు, తర్వాత మెస్‌కి వెళ్లడం మానేశాడు. ఫోన్ చేస్తే "బానే ఉన్నా నాన్నా" అనేవాడు. గొంతులో తేడా వాళ్లమ్మ పట్టుకుంది. నేను మాత్రం "మగపిల్లాడివి, ఆ మాత్రానికి డీలా పడిపోతే ఎలారా" అన్నాను. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకోలేను.

మాకు కబురు చెప్పింది కాలేజీ కాదు, వాడి రూమ్మేట్. రాత్రి రెండింటికి ఫోన్ చేసి "అంకుల్, ఒకసారి రండి, వీడు మాట్లాడట్లేదు, నాకు భయంగా ఉంది" అన్నాడు. తెల్లారి మొదటి బస్సుకి వెళ్లాను. మంచం పక్కన స్టీలు కంచంలో పెరుగన్నం, దానిమీద ఇంకో కంచం బోర్లించి ఉంది. ఆ పిల్లాడే రోజూ మెస్‌లోంచి తెచ్చి పెడుతున్నాడట, మావాడు రెండు ముద్దలు తింటే తిన్నట్టు. నాలుగు రాత్రులు తలుపుకి అడ్డంగా చాప వేసుకుని పడుకున్నాడట. వాడికీ 19 ఏళ్లే. వాడికీ అదే వారం ఇంటర్నల్స్. వార్డెన్‌కి రెండుసార్లు చెబితే "మగపిల్లలు కదా, వాళ్లే సర్దుకుంటారులే" అన్నాడట.

కౌన్సిలింగ్ సెల్ అని కాలేజీలో బోర్డుంది, గదికి తాళముంది. అటెండర్ చేత తీయిస్తే లోపల పాత ఆన్సర్ షీట్ల కట్టలు, కాళ్లు విరిగిన ల్యాబ్ స్టూళ్లు. బోర్డు మీదున్న నంబరుకి చేస్తే ఫిజిక్స్ లెక్చరర్ ఎత్తారు. పాపం, ఆయన మర్యాదగానే మాట్లాడారు. "నా పేరు రాసేశారండీ, ఒక్కరోజు ట్రైనింగ్ కూడా ఇవ్వలేదు. పైగా ఇంటర్నల్ మార్కులు వేసేది నేనే. నా దగ్గరికొచ్చి ఏ పిల్లాడు ఏడుస్తాడు చెప్పండి" అన్నారు.

అయ్యా, ఇది మీకు తెలియనిది కాదు. 2025 జులై 25 నాటి సుప్రీంకోర్టు తీర్పు మన విశాఖ కేసులోనే వచ్చింది. బెంగాల్ నుంచి నీట్ కోచింగ్‌కి వచ్చిన 17 ఏళ్ల అమ్మాయి 2023లో చనిపోతే, ఆ తండ్రి కోర్టుల చుట్టూ తిరిగి తెచ్చుకున్న తీర్పది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి చోటా అర్హత ఉన్న కౌన్సిలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఒక్కరైనా ఉండాలన్నారు. సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ అన్నారు. జిల్లాకో పర్యవేక్షణ కమిటీ, దానికి కలెక్టరే పెద్ద అన్నారు. మనసు బాగోనప్పుడు ఫోన్ చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు, 14416, హాస్టళ్లలో పెద్ద అక్షరాలతో పెట్టమన్నారు. మావాడి హాస్టల్ నోటీసు బోర్డులో ఫీజు బకాయిల లిస్టుంది, మెస్ టైమింగులున్నాయి. 14416 లేదు. ఒక కాగితం అంటించడానికి ఎంత ఖర్చవుతుందయ్యా?

ఆడపిల్లల కష్టం తక్కువని నేననను. కానీ మగపిల్లల హాస్టల్లో దిగులుకి పేరే లేదు. "లైట్ తీస్కో మావా" అంటారు, ప్రేమగానే అంటారు. పుట్టినరోజుకి అర్ధరాత్రి లేపి మొహానికి కేకు పూసేది వాళ్లే, జ్వరమొస్తే టాబ్లెట్ తెచ్చేది వాళ్లే, సప్లీ ఫీజుకి తలా వంద వేసుకునేదీ వాళ్లే. మనసు బాగోకపోతే ఏం చేయాలో, ఎవరికి చెప్పాలో మాత్రం వాళ్లకి ఎవరూ నేర్పలేదు. 2022లో దేశంలో ఆత్మహత్య చేసుకున్న 1,70,924 మందిలో 1,22,724 మంది మగవాళ్లని కేంద్ర ప్రభుత్వ నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ లెక్కే చెబుతోంది. ఇంకా "వాళ్లే సర్దుకుంటారులే" అంటే ఎలా?

మార్కులు వేయని మనిషిని కౌన్సిలర్‌గా పెట్టించండి. వార్డెన్లకి శిక్షణ ఇప్పించండి. గదికి ఒక్కరికైనా, ఫ్లోర్‌కి ఇద్దరికైనా, స్నేహితుడు మౌనంగా అయిపోతే ఏం చేయాలో నేర్పించండి. తనిఖీకి ముందే కబురు పెట్టకుండా మీ అధికారుల్ని పంపండి, రాత్రి భోజనాల వేళకి పంపండి. దండం పెట్టి అడుగుతున్నాను, ఆ తాళం తీయించండి.

మావాడిని పెద్దాసుపత్రిలో చూపించాం, మందులు వాడుతున్నాడు, ఇప్పుడు నాతో మాట్లాడుతున్నాడు. ఆ రూమ్మేట్ ఇంటర్నల్స్ పోయాయి. మొన్న ఫోన్ చేసి "అంకుల్, ఆ రోజుల్లో వాడితో నేనేమైనా తప్పుగా మాట్లాడానా?" అని అడిగాడు. లేదు నాన్నా, నువ్వే కాపాడావు అన్నాను. ఫోన్ పెట్టేశాక కూడా ఆ గొంతు నన్ను వదల్లేదు. ఆ పిల్లాడితో కూర్చుని మాట్లాడాల్సింది ఎవరు?

వచ్చే సోమవారం నాలుగో అర్జీతో కలెక్టరేట్‌కి వెళ్తున్నాను. ఆ గది ఫొటో కూడా జత చేస్తాను.

ఇట్లు,
ఒక విద్యార్థి తండ్రి