వరంగల్ జిల్లా విద్యాశాఖాధికారి గారికి: మా పిల్లలతో ఒక చిన్న బేరం చేయించనివ్వండి

అయ్యా, నమస్కారం.

నేను సర్కారు హైస్కూల్లో లెక్కలు చెబుతాను. లాభనష్టాల్లో పదికి పది తెచ్చుకునే మా తొమ్మిదో తరగతి పిల్లలు అయిదుగురు పోయినేడు పల్లిపట్టీలు చేసి అమ్మారు. పల్లీల ఖర్చు, బెల్లం ఖర్చు రాసుకున్నారు. గ్యాసు రాయలేదు, తమ పనికి కూలి కట్టుకోలేదు. మూడో రోజు ఒక అమ్మాయి నోటుబుక్కు తెచ్చి, "సార్, మిగిలిందంతా లాభం కాదు, అందులో మా అమ్మ సిలిండర్ ఉంది" అంది. ఇన్నేళ్లుగా బోర్డు మీద నేను చెప్పలేకపోయిన పాఠం అది.

మళ్లీ చేద్దామంటే సిలబస్ వెనకబడుతుందని పైవాళ్లు ఒప్పుకోలేదు.

2021లో ఢిల్లీ సర్కారు తన బడుల్లో 11, 12 తరగతుల పిల్లలకు చిన్న వ్యాపారం చేసి చూడమని తలా 2,000 రూపాయల పెట్టుబడి ఇచ్చింది. మాకంత వద్దు, జట్టుకు వెయ్యి చాలు. 6-8 తరగతుల్లో పది రోజులు సంచి లేకుండా స్థానిక చేతిపనివారి దగ్గర నేర్చుకోవాలని 2020 జాతీయ విద్యా విధానమే చెప్పింది. ఆ పది రోజులు మనకు వరంగల్ కొత్తవాడలోని నేత మగ్గాల దగ్గరే దొరుకుతాయి. అక్కడ నేసే వరంగల్ దర్రీలకు, అంటే నూలు తివాచీలకు, 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది కదా, ఒక దర్రీకి నూలెంత, రంగెంత, నేతగానికి మిగిలేదెంత అని పిల్లలే అడిగి రాయాలి. ఎనుమాముల మార్కెట్లో మిర్చి ధర పొద్దున్నే ఎలా తేలుతుందో కళ్లారా చూడాలి. వాళ్లలో చాలామంది రైతుబిడ్డలే.

నష్టం వచ్చిన జట్టుకు మార్కులు కోయొద్దు. లెక్క నిజంగా రాస్తే చాలు.

శనివారం రెండు పీరియడ్లు ఇప్పించండి. ముందు మా బడితోనే మొదలుపెడతాను.

ఇట్లు,
ఒక లెక్కల సారు