జీడిమెట్లలో ఆపరేటర్ జీతం ఎంతో కూడా రాయండి

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన వారం మీ సిటీ పేజీలో పరిశ్రమలకు మిషన్ ఆపరేటర్లు దొరకడం లేదని పెద్ద వార్త వేశారు. జీడిమెట్ల, బాలానగర్, చర్లపల్లి వైపు యజమానులు చెప్పిన మాటలే మొదటి నుంచి చివరి దాకా ఉన్నాయి. ఇక్కడి కుర్రాళ్ళకు ఒళ్ళు వంగడం లేదట, ఐటీఐ చదివి కూడా బైకులేసుకుని డెలివరీలకు పోతున్నారట, అందుకే ఒడిశా నుంచీ బిహార్ నుంచీ మనుషుల్ని తెచ్చుకోవాల్సి వస్తోందట. అంత పెద్ద వార్తలో ఆపరేటర్‌కి నెలకి ఎంత ఇస్తున్నారన్న అంకె ఒక్కటి కూడా లేదు. మీ విలేకరి అడగలేదో, అడిగినా వాళ్ళు చెప్పలేదో నాకు తెలియదు. వెంటనే రాద్దామనుకున్నాను కానీ నైట్ షిఫ్టులు పడి ఇప్పటికి కుదిరింది.

నేను ఐటీఐ టర్నర్‌ని, చాలా ఏళ్ళుగా సీఎన్‌సీ, వీఎంసీ మిషన్ల మీద, అంటే కంప్యూటర్‌తో నడిచే లోహం కోసే మిషన్ల మీద పని చేస్తున్నాను. ముప్పై లక్షల మిషన్ నా చేతిలో పెడతారు. డ్రాయింగ్ చదవాలి, ఆఫ్‌సెట్ (కొలత సవరింపు) ఇవ్వాలి, ఇన్సర్ట్ (కోసే బిళ్ళ) అరిగిందో లేదో శబ్దాన్ని బట్టి కనిపెట్టాలి, మైక్రోమీటర్ పట్టి మైక్రాన్లలో కొలత నిలబెట్టాలి. మేం కోసిన పీసు ఒక్కటి రిజెక్ట్ అయితే ముందు మమ్మల్నే నిలదీస్తారు. ఈ మధ్య చాలా చోట్ల ఒకే మనిషికి రెండు మిషన్లు అప్పగిస్తున్నారు, జీతం మాత్రం ఒకటే. ఇంత చేసే మనిషి పేస్లిప్పులో హోదా దగ్గర ఏం రాస్తారో ఒకసారి చూడండి. "హెల్పర్" అని ఉంటుంది, లేకపోతే సెమీ స్కిల్డ్ అని ఉంటుంది. స్కిల్డ్ అని రాస్తే ఆ రేటు కట్టాలి కాబట్టి రాయరు. నా పేస్లిప్పులోనూ అంతే. అడిగితే "అది కాగితం మీద మాటే కదా, పని చూసుకో" అన్నారు.

జీతం అంకె మీరు వేయలేదు కాబట్టి నాది నేనే చెబుతాను. గ్రాస్ 19,000. పీఎఫ్ 1,800, ఈఎస్ఐ 143, వృత్తి పన్ను 150 పోతే చేతికి వచ్చేది 16,907 రూపాయలు. షాపూర్‌నగర్ లోపలి సందులో రెండు గదుల పోర్షన్ 7,000, నీళ్ళకి మెయింటెనెన్స్‌కి 400. ఇద్దరు పిల్లల స్కూలు ఫీజు నెలకి సగటున 4,000, అదీ పెద్ద స్కూలేం కాదు. కిరాణా 4,500, కూరగాయలు 2,000, పాలు 1,800, గ్యాస్ 900 పైన, పెట్రోలు 1,200, ఇద్దరి ఫోన్లకి 600. కూడి చూడండి, 22,400 దాటుతుంది. ఇందులో కరెంటు బిల్లు లేదు, మందులు లేవు, బట్టలు లేవు, ఊళ్ళో అమ్మకు పంపేది లేదు, చావుకీ పెళ్ళికీ వెళ్ళే ఖర్చు లేదు. మిగతాది ఓటీ (ఓవర్‌టైం)తో పూడ్చుకోవాలి, చాలకపోతే చిట్టీ పాడుకోవాలి.

ఓటీ సంగతి అందరికీ తెలిసిందే, ఎవరూ మాట్లాడరు. ఫ్యాక్టరీల చట్టం 1948లోనే అదనపు గంటలకి రెట్టింపు కూలీ అని రాశారు, ఇప్పుడు వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లోనూ రెట్టింపే ఉంది. నా జీతాన్ని 26 రోజులకీ ఎనిమిది గంటలకీ భాగిస్తే గంటకి 91 రూపాయలు పడుతుంది, ఓటీ గంటకి 182 రావాలి. మాకిచ్చేది సింగిల్ రేటే. రోజుకి నాలుగు గంటలు ఓటీ చేస్తే 730 దాకా రావాల్సిన చోట 365 చేతిలో పెడతారు, అదీ కవర్లో, రిజిస్టర్లో ఎక్కకుండా. ఇన్ని షెడ్లలో ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా మిషన్లు ఆగకుండా తిరుగుతున్నది అధికారులకి తెలియదంటే నేను నమ్మను.

ఇంకో అన్యాయం చూడండి. పట్నంలో రేషన్ కార్డుకి ఏడాది ఆదాయం 2 లక్షలు మించకూడదు. నెలకి 19,000 అంటే 2,28,000 అవుతుంది. అంటే ప్రభుత్వం లెక్కలో నేను పేదవాణ్ణి కాను. సన్నబియ్యం లేదు, 500 రూపాయల గ్యాస్ లేదు, 200 యూనిట్ల ఉచిత కరెంటు లేదు. కార్డున్నా మా బిల్డింగ్‌లో లాభం ఉండేది కాదనుకోండి, నాలుగు పోర్షన్లకి ఒకటే మీటరు, ఓనరు యూనిట్‌కి ఇంత అని తనే వసూలు చేసుకుంటాడు. మహిళలకి ఉచిత బస్సు మంచిదే, మా ఇంట్లోనూ వాడుకుంటున్నాం, నేను కాదనను. కానీ 2025 జూన్‌లో ఆర్డినరీ బస్ పాస్ 1,150 నుంచి 1,400 చేశారు, అక్టోబర్‌లో సిటీ బస్సుల్లో మొదటి మూడు స్టేజీలకి 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు పెంచారు. షిఫ్టుకి వెళ్ళే మగవాడి జేబు నుంచే కదా అవి పోయేది. అదే ఏడాది ఏప్రిల్‌లో గ్యాస్ బండ మీద 50 పెరిగింది. నాకు మాత్రం రెండేళ్ళకోసారి ఐదొందలు పెంచుతారు, దానికి కూడా ఎవరో ఒకరు మానేస్తామని బెదిరించాలి.

ఇది ఒక్క యజమాని తప్పు కాదు, ప్రభుత్వమే దారి చూపిస్తోంది. 1957లోనే భారత కార్మిక సదస్సులో కనీస వేతనం ఎలా లెక్కకట్టాలో తేల్చారు. మనిషికి 2,700 కేలరీల తిండి, కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటద్దె, వంటచెరకు, దీపం అన్నీ అందులో ఉన్నాయి. 1991లో రెప్టకోస్ బ్రెట్ కేసులో సుప్రీంకోర్టు పిల్లల చదువు, వైద్యం, పండగలు పబ్బాలు, ముసలితనం కోసం ఇంకో 25 శాతం కలపమంది. ఆ లెక్క షాపూర్‌నగర్ అద్దెలతో ఒక్కసారైనా వేసి చూశారా? పాత కనీస వేతనాల చట్టం ఐదేళ్ళు దాటకుండా సవరించమనేది. తెలంగాణ వచ్చాక చాలా షెడ్యూల్డ్ రంగాల్లో (ప్రభుత్వం కనీస వేతనం ఖరారు చేసే పనుల్లో) మూల వేతనం కదల్లేదు, ఆరు నెలలకోసారి కరువు భత్యం కలిపి సరిపెడుతున్నారు. 2021 జూన్‌లో ఐదు రంగాలకి కొత్త రేట్లతో జీవోలు ఇచ్చారు, గెజిట్‌లో వేయలేదు, అంతే, అవి అక్కడే ఆగిపోయాయి. ప్రభుత్వం మారింది, కనీస వేతనాల సలహా మండలి మారింది, మా రేట్లు మారలేదు. ఢిల్లీ వాళ్ళ సంగతి ఇంకా ఘోరం, జాతీయ స్థాయి ఫ్లోర్ వేతనం, అంటే ఎక్కడా ఇంతకంటే తగ్గకూడదన్న కూలీ, రోజుకి 176 రూపాయలని 2017లో పెట్టి దాన్నే పట్టుకుని కూర్చున్నారు. 2025 నవంబర్ 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి తెచ్చారు, ఇన్‌స్పెక్టర్ పేరు ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్ అయింది. పాత పేరుతో ఉన్నప్పుడే మా షెడ్డుకి వచ్చినవాడు ఆఫీసు గదిలో టీ తాగి వెళ్ళిపోయేవాడు.

ఆ కోడ్‌లు వచ్చిన రోజుల్లోనే మన రాష్ట్ర ప్రభుత్వం ఔటర్ రింగ్ రోడ్డు లోపలి 22 ఇండస్ట్రియల్ ఏరియాల్లో సుమారు 9,292 ఎకరాలను ఇళ్ళకీ మాల్స్‌కీ మార్చుకోవచ్చని హిల్ట్ (హైదరాబాద్ పారిశ్రామిక భూముల మార్పిడి) పాలసీ తెచ్చింది. అందులో మా జీడిమెట్ల ఉంది, బాలానగర్ ఉంది. మీ పత్రికతో సహా అందరూ భూమి రేటు గురించి పేజీలు పేజీలు రాశారు. ఆ షెడ్లలో పని చేసేవాళ్ళు ఎక్కడికి పోవాలి? ఫ్యాక్టరీ ఔటర్ అవతలకి పోతే నేను పిల్లల స్కూలు మార్చాలా, రోజూ అరవై డెబ్భై కిలోమీటర్లు బండి తొక్కాలా? ఇది అడిగినవాళ్ళు నాకైతే కనపడలేదు.

ఒడిశా, బిహార్ కుర్రాళ్ళ మీద నాకు కోపం లేదు. వాళ్ళు ఒక గదిలో ఎనిమిది మంది పడుకుని, ఇంటికి డబ్బు పంపి బతుకుతున్నారు కాబట్టి ఆ జీతానికి సరిపెట్టుకుంటున్నారు. కాంట్రాక్టర్ కింద ఉంటారు, చాలామంది పేర్లు కంపెనీ రోల్‌లో ఉండవు. 2025 జూన్ 30న పాశమైలారం ఫార్మా ఫ్యాక్టరీలో పేలుడు జరిగినప్పుడు లోపల ఎవరున్నారో తేలక వాళ్ళ ఇంటివాళ్ళు రోజుల తరబడి గేటు దగ్గరా ఆస్పత్రుల దగ్గరా నిలబడ్డారు. మనిషి తేలిగ్గా దొరుకుతున్నాడంటే దాని అర్థం ఇదీ.

65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి ఏటీసీలుగా (అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా) మారుస్తున్నారు, రోబోటిక్స్ నేర్పిస్తామంటున్నారు, సంతోషం. అక్కడ చదివి బయటికి వచ్చిన పిల్లవాణ్ణి మాత్రం ట్రైనీ అని రెండేళ్ళు 12,000కి నిలబెడతారు. మా మేనల్లుడు సీఎన్‌సీ ప్రోగ్రామింగ్ బాగా వచ్చినవాడు, ఏడాది చేసి మానేసి బైక్ మీద పార్సిళ్ళు వేస్తున్నాడు, పెట్రోలు పోగా ట్రైనీ జీతం కంటే ఎక్కువే మిగులుతోందంటాడు. వాణ్ణి బద్ధకస్తుడని మీ పత్రికలో అనిపించుకోవాల్సిన ఖర్మ వాడికి లేదు.

చిన్న యజమానుల కష్టం నాకు తెలియనిది కాదు. పెద్ద కంపెనీలు జాబ్ వర్క్ రేటు ఏళ్ళ తరబడి పెంచవు, బిల్లులు నెలల తరబడి ఆపుతాయి. ఆ సంగతి మీ వార్తలో చెప్పి ఉంటే నేనూ ఒప్పుకునేవాణ్ణి. ఈ చిన్న యజమానులు ఆ పెద్ద కంపెనీలతో కొట్లాడలేక మా జీతాల్లో కోసుకుంటున్నారు.

కార్మిక శాఖ వాళ్ళకి మీ ద్వారా ఒక్క విన్నపం. తనిఖీకి పగలు పదకొండింటికి ముందే కబురు చేసి రావద్దు. ఏదైనా పనిరోజు సాయంత్రం ఆరున్నరకి చెప్పకుండా జీడిమెట్ల ఇండస్ట్రియల్ ఏరియా ఫేజ్‌ల లోపలికి రండి. ఎనిమిది గంటల షిఫ్టు అప్పటికి ఎప్పుడో అయిపోయి ఉండాలి. మిషన్ల దగ్గర నిలబడి ఉన్నవాళ్ళ పేర్లు రాసుకుని, ఆ రోజు ఓటీ రిజిస్టర్ తెప్పించి, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

— ఒక వీఎంసీ ఆపరేటర్, షాపూర్‌నగర్, హైదరాబాద్
(ఉద్యోగం పోతుందన్న భయంతో పేరు వేయవద్దని మనవి)