నాన్నగారి దగ్గు, మన వంటింటి గాలి

అమ్మా,

ఇక్కడ మేమంతా కులాసా. ఉద్యోగం ఎప్పటిలాగే ఉంది, బెంగ పెట్టుకోకు.

నాన్నగారికి రాత్రిళ్లు దగ్గు తగ్గలేదని తమ్ముడు చెప్పినప్పటి నుంచి మనసు అక్కడే ఉంది. డాక్టరు ఇచ్చిన మందు ఆపొద్దు. ఆ గదిలో దోమల కాయిల్ మాత్రం ఇవాళే మానేయండి. ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్నటి పొగ నుసి 75 నుంచి 137 సిగరెట్ల నుసితో సమానమని 2003లో వచ్చిన ఒక పరిశోధన లెక్క తేల్చింది. దోమతెర కట్టి, అంచులు పరుపు కిందికి దోపండి.

వంటింట్లో పొగ బయటికి లాగే ఎగ్జాస్ట్ ఫ్యాను తిరుగుతున్నా పోపు ఘాటు హాల్లోకి వస్తోందన్నావు. ఫ్యాను పక్క కిటికీ తీసి ఉంచుతావు కదా, అదే కారణం. ఆ కిటికీలోంచి వచ్చిన గాలినే ఫ్యాను మళ్లీ బయటికి తోసేస్తుంది, పొయ్యి మీది పొగ జోలికి పోదు. అది మూసేసి, ఎదురుగా పెరటి తలుపు ఓ జానెడు తెరువు. పొయ్యి వెలిగించకముందే ఫ్యాను వేసి, వంట దించాక ఇంకో పావుగంట తిరగనివ్వు. లాగుతోందో లేదో చూడాలంటే పలచటి కాగితం ముక్క జాలీకి ఆనించు, అతుక్కుని నిలవాలి. జారిపోతే రెక్కలకు జిడ్డు పట్టి ఉంటుంది, లేకపోతే బయటి రేకులు నూనెకు అంటుకుపోయి తెరుచుకోవట్లేదు. తమ్ముణ్ణి ప్లగ్గు పీకి, సబ్బు కలిపిన వేడినీళ్లలో గుడ్డ ముంచి గట్టిగా పిండి తుడవమను. మోటారుకు తడి తగలకూడదు. నువ్వు మాత్రం స్టూలెక్కకు.

మరదలు చూసిన గొట్టం లేని చిమ్నీ వద్దు. అందులోని బొగ్గు ఫిల్టరు వాసన కొంత పడుతుందేగానీ వేడి, ఆవిరి తిరిగి ఇంట్లోకే వదులుతుంది.

నాన్నగారి గదికి గాలి శుభ్రం చేసే ప్యూరిఫయరు నేను కొంటాను, డబ్బు దండగని అనకు. 12 అడుగుల చదరం, 10 అడుగుల ఎత్తు అంటే సుమారు 41 ఘనపు మీటర్లు. ఆ గాలి గంటకు ఐదుసార్లు శుభ్రపడాలంటే సీఏడీఆర్, అంటే అది గంటకు శుభ్రం చేసి వదిలే గాలి, 205 ఘనపు మీటర్లు కావాలి. పెట్టె మీద రాసేది పూర్తి వేగం లెక్క. రాత్రి చప్పుడుకు తగ్గించి పెడతారు కాబట్టి తమ్ముణ్ణి 300 దాటింది చూడమను. సన్నటి నుసిని పట్టే హెపా ఫిల్టరు ఉండాలి, ఊపిరితిత్తులకు పడని ఓజోను వాయువు వదిలేది అసలొద్దు. తలుపు మూసి నడపాలి. హెపాను నీళ్లతో కడిగితే పాడైపోతుంది, మార్చడమే.

పూజ మానమనడం లేదమ్మా. దీపం లోపలే పెట్టుకో, అగరొత్తులు తులసికోట దగ్గర వెలిగించు. ఊడ్చే ముందు గచ్చు మీద కాసిని నీళ్లు చిలకరించమని పనిమనిషికి చెప్పు.

అరిసెలు అందాయి, ఒక్కటీ విరగలేదు. కాగితం నిలిచిందో లేదో ఆదివారం ఫోనులో చెప్పు.

నాన్నగారికి నమస్కారాలు.

నీ పెద్దాడు