టోక్యో నుంచి చిన్నాకి

నిషికసాయి, టోక్యో
నవంబర్ 24

చిన్నా,

ఎలా ఉన్నావు నాన్నా? మేం ఇక్కడ క్షేమం. నాన్నగారికి జలుబు తగ్గింది. బుజ్జిదానికి ఇంకో పన్ను వచ్చింది. ఫోన్ చేస్తే నువ్వెత్తడం లేదు, మెసేజ్ పెడితే బొటనవేలు బొమ్మ ఒకటి పంపి ఊరుకుంటున్నావు. ఆఫీసులో పని ఎక్కువగా ఉందేమోలే అనుకుని, తీరిగ్గా చదువుకుంటావని ఈ ఉత్తరం రాస్తున్నాను. అక్క ఫొటోలు తీసి నీకు పంపుతానంది. ఇక్కడ చూసినవన్నీ చెప్పాలని, అంతే. ఏదో అడగడానికి కాదు.

అక్కావాళ్లు ఉండే ఈ నిషికసాయిలో మనవాళ్లు చాలామందే ఉన్నారు. 2000 సంవత్సరం వస్తే కంప్యూటర్లు ఆగిపోతాయని గొడవయింది చూడు, అప్పుడు వచ్చిన మన ఇంజనీర్లు ఇక్కడ ఉండడం మొదలుపెట్టారట. తోజాయ్ లైన్ రైలెక్కితే ఆఫీసులుండే ఓతెమాచిలో నేరుగా దిగొచ్చు. కందిపప్పు, కరివేపాకు, ఇంగువ అన్నీ దొరుకుతున్నాయి, నేను మోసుకొచ్చిందంతా అనవసరమని బావ అన్నాడు. పద్మత్తయ్య ఇచ్చిన గోంగూర సీసా ఫ్రిజ్‌లో పెట్టావా? బయట ఉంచితే బూజు పడుతుంది. ఫ్లాట్‌లోనే ఉంటున్నావు కదా? ఎప్పుడు చూసినా తాళం వేసి ఉందని శేషు వాళ్లమ్మ అందట. పగలు ఆఫీసుకి వెళ్లేవాడి ఇంటికి తాళం ఉండక ఏముంటుంది అన్నాను.

మొదట అసాకుసా వెళ్లాం. అక్కడి సెన్సోజి ఈ ఊళ్లో అన్నిటికంటే పాత గుడి. గేటుకి పెద్ద ఎర్ర లాంతరు వేలాడుతుంది. దాదాపు 4 మీటర్ల ఎత్తు, 700 కిలోల బరువు. అందరూ దాని ముందు ఫొటో దిగి వెళ్లిపోతారు గానీ, సరిగ్గా కింద నిలబడి తలెత్తితే అడుగున చెక్కిన డ్రాగన్ కనిపిస్తుంది. నువ్వొస్తే అది చూడకుండా దాటకు. 628లో ఇద్దరు అన్నదమ్ములు సుమిదా నదిలో చేపలు పడుతుంటే వలలో చిన్న విగ్రహం పడిందట. అదేమిటో వాళ్లకి తెలియలేదు. తీసుకెళ్లి ఊరి పెద్దకి చూపించారు. ఆయన అది కన్నోన్ అని, అంటే మన దేశం నుంచి వెళ్లిన బౌద్ధుల దేవుడు అవలోకితేశ్వరుడే అని గుర్తుపట్టి, తన ఇల్లే గుడి చేసి, తాను సన్యాసం పుచ్చుకున్నాడట. ఆ ముగ్గురికీ పక్కనే వేరే గుడి ఉంది. తమకి అంతుపట్టనిది చేతికొస్తే తిన్నగా పెద్దవాళ్ల దగ్గరికి తీసుకెళ్లారు, నాకు ఆ కథలో అదే నచ్చింది. నీ కోసమని రాయడం లేదు, కథ చెబుతున్నాను.

అసలు గుడి 1945 మార్చిలో బాంబుదాడికి కాలిపోయింది. ఇప్పుడున్నది 1958లో కట్టింది. అప్పటి మంటల్లో మాడిన జింకో చెట్టొకటి ఆవరణలో ఇంకా ఉంది. కాండం నల్లగా, పైన ఆకులు పచ్చగా పసుపెక్కుతూ. గుడి ముందు పెద్ద ధూపపాత్ర పెట్టారు. ఒంట్లో ఎక్కడ నొప్పి ఉంటే అక్కడికి ఆ పొగ చేత్తో తోసుకోవాలి. నేను మోకాళ్లకి తోసుకున్నాక నీ నడుము గుర్తొచ్చి, నీ పేరు తలుచుకుని నా నడుముకీ తోసుకున్నాను. ఆ కుర్చీ మార్చమని చెప్పాను, మార్చావా? కంపెనీ వాళ్లిచ్చిన కుర్చీ అయితే తిరిగి ఇచ్చేశావేమో.

అక్కడే జోస్యం చీటీలు కూడా ఉన్నాయి. 100 యెన్లు వేసి రేకుడబ్బా ఊపితే పుల్ల వస్తుంది, పుల్ల మీద అంకె ఉన్న సొరుగు తీస్తే చీటీ. నాన్నగారికి చెడ్డది వచ్చింది. ఈ గుళ్లో చెడ్డ చీటీలు కాస్త ఎక్కువేనని అక్క సర్దిచెప్పింది. అలాంటిది వస్తే అక్కడి కమ్మీకి కట్టేసి రావాలి. నాన్నగారు దాన్ని సన్నగా మడిచి, కట్టి, ముడి ఊడుతుందేమోనని లాగి చూసి మరీ వచ్చారు.

ఇక ఆయన సంచి సంగతి నీకు తెలియదు. ఫోన్‌లో చెప్పేదాన్నే, ఎత్తితే.

ఆ రోజు ఉయెనోలో మ్యూజియం చూసి, మెయిజి గుడికని హరాజుకు అనే స్టేషన్‌కి బయల్దేరాం. యమనోతె లైన్ అని, ఆకుపచ్చ రైలు. ఊరి చుట్టూ గుండ్రంగా తిరుగుతుంది, 30 స్టేషన్లు, ఒక చుట్టుకి గంట. ఇక్కడ డ్రైవరు తెల్ల చేతితొడుగులు వేసుకుని, ప్రతి సిగ్నల్‌కీ వేలు చూపించి, పైకి చదివి, అప్పుడు బండి నడుపుతాడు. ఒక్కడే ఉన్నా సరే. నాన్నగారు రైల్వేలో, సామర్లకోటలో చేసినన్నాళ్లూ కుర్రాళ్లకి చెప్పింది అదేగా, కంటితో చూస్తే చాలదు, నోటితో అనాలని. మొదటి పెట్టె ఎక్కి, సంచి పైన అరలో పెట్టి, డ్రైవరు వెనక అద్దం దగ్గర నిలబడిపోయారు. హరాజుకు రాగానే జనంతో పాటు దిగిపోయాం.

గుడి అడవి దారిలో కొంచెం దూరం నడిచాం. ఆయన మాట్లాడడం లేదు. జేబు తడుముకుంటారు, కళ్లజోడు తీసి తుడుస్తారు, మళ్లీ పెట్టుకుంటారు. ఏమైందండీ అంటే ఏం లేదన్నారు. ఇన్నేళ్ల కాపురంలో ఆ 'ఏం లేదు' నాకు తెలియదూ? రెండోసారి అడిగితే, 'సంచి రైల్లో ఉండిపోయింది, నువ్వు కంగారు పడతావని చెప్పలేదు' అన్నారు. అందులో పాస్‌పోర్టు, బీపీ మాత్రలు, డబ్బు, తాతయ్య ఇచ్చిన పెన్ను. నాకు కాళ్లు చల్లబడ్డాయి.

అక్క ఆయన్ని ఒక్క మాట అనలేదు. చెయ్యి పట్టుకుని వెనక్కి స్టేషన్‌కి తీసుకెళ్లింది. అక్కడి ఉద్యోగి అడిగింది మూడే. ఎన్ని గంటల రైలు, ఎటు వైపు వెళ్లేది, ఎన్నో పెట్టె. నాన్నగారు నిమిషంతో సహా చెప్పారు. అతను ఎవరెవరికో ఫోన్లు చేసి, కాసేపాగి, ఒసాకి స్టేషన్‌లో తీసి ఉంచారని చెప్పాడు. అక్కడికి వెళితే సంచిలో ఏమేం ఉన్నాయో చెప్పమన్నారు. వరసగా చెప్పారు, ఆఖరికి మాత్రల అట్టలో ఎన్ని మిగిలాయో కూడా. చిన్న డైరీ ఉందంటే, దాని మొదటి పేజీలో ఏముందన్నాడా అబ్బాయి. 'అవసరమైతే మా వాడికి ఫోన్ చెయ్యండి అని ఇంగ్లీషులో రాశాను' అని, తడుముకోకుండా నీ నంబరు పదంకెలూ చెప్పారు. తన నంబరు అడిగితే ఇప్పటికీ నా వైపు చూస్తారు. ఆ అబ్బాయి పేజీ మీద వేలు పెట్టి ఒక్కో అంకే సరిచూసుకుని, పాస్‌పోర్టులో ఫొటో చూసి, సంతకం పెట్టించుకుని సంచి రెండు చేతులతో ఇచ్చాడు.

ఇక్కడ దొరికిన వస్తువు అప్పజెప్పాలని చట్టమే ఉంది. 3 నెలలు దాచి, ఎవరూ రాకపోతే మామూలు వస్తువైతే దొరికినవాళ్లకే ఇస్తారు. సొంతదారు వస్తే విలువలో 5 నుంచి 20 శాతం దాకా బహుమతి ఇవ్వాలి. ఎంత చట్టమున్నా పోయిందని మనం నోరు విప్పాలి కదా. నేను కంగారు పడతానని ఆయన రాత్రిదాకా దాచుంటే ఏమయ్యేది? నీకూ ఆయన పోలికే వచ్చింది. టెన్త్‌లో సైకిల్ పోయినప్పుడు వారం రోజులు నడిచి వెళ్లావు గానీ చెప్పలేదు. కంగారు పడతామని దాచితే మేం కంగారు పడకుండా ఉంటామా? ఊహించుకుని ఇంకా ఎక్కువ పడతాం.

ఆ గుడి సూర్యాస్తమయానికే మూసేస్తారు, అందుకని మర్నాడు మళ్లీ వెళ్లాం. మెయిజి చక్రవర్తి పేరు మీద 1920లో కట్టారు. అది అడవి అన్నాను గానీ, తనంతట పెరిగింది కాదు. దేశమంతటి నుంచి జనం పంపిన లక్ష మొక్కలు నాటి పెంచారట. నవంబర్‌లో ఇక్కడ మూడేళ్ల, ఐదేళ్ల, ఏడేళ్ల పిల్లల్ని పట్టుబట్టలు కట్టి గుడికి తీసుకొస్తారు. ఐదేళ్ల పిల్లాడొకడు చేతిలో పొడుగాటి మిఠాయి సంచితో, కొత్త చెప్పులు ఈడ్చుకుంటూ నడుస్తున్నాడు. వాళ్లమ్మ నాలుగడుగులకోసారి వంగి చెప్పు సరిచేస్తోంది. వాడు విసుక్కుంటున్నాడు. నేను చాలాసేపు చూశాను. మొక్కులు చెక్కబిళ్లల మీద రాసి కట్టే చోటు ఉంది. నీ పేరు, నక్షత్రం తెలుగులోనే రాసి కట్టాను. ఏం కోరుకున్నానో అడగకు.

సంక్రాంతి తర్వాత నువ్వూ రావాలి. సెలవు అడగవలసిన పని ఉందో లేదో నీకే తెలుసు. స్కైట్రీ అనే టవరు 634 మీటర్లు, కింద నుంచి చూస్తే చాలు. షింజుకులో ప్రభుత్వ ఆఫీసు భవనం 45వ అంతస్తు, 202 మీటర్ల ఎత్తు, టికెట్టే లేదు. పొద్దున్నే వెళ్తే, మబ్బు లేకపోతే ఫ్యూజీ కొండ కనిపిస్తుంది. మాకు కనిపించింది. షింజుకు స్టేషన్‌కి బయటికి దారులు 200 పైనే ఉన్నాయి, ఏ దారో ముందే రాసుకో. ఎస్కలేటర్ మీద ఎడమ పక్కన నిలబడు. వీధిలో చెత్తబుట్టలుండవు, 1995లో రైళ్లలో విషవాయువు దాడి జరిగాక చాలావరకు తీసేశారట, కాబట్టి సంచిలో ఓ కవరు ఉంచుకో. రైళ్లు అర్ధరాత్రి దాటితే ఉండవు. శాకాహారం అని చెప్పినా సూపులో చేప కలిసే ఉంటుంది, ఏ నీళ్లతో కాచారో అడగాలి. నువ్వు రాత్రిళ్లు ఏం తింటున్నావు? బయటివే అయితే మజ్జిగైనా తాగు.

నాన్నగారు మాత్రం అన్నిటికంటే రెంకోజి గుడి దగ్గర ఎక్కువసేపు నిలబడ్డారు. చిన్న గుడి, ఇళ్ల మధ్యలో. నేతాజీ అస్థికలని చెబుతూ 1945 నుంచి అక్కడ కాపాడుతున్నారు. నెహ్రూ 1957లో, రాజేంద్రప్రసాద్ 1958లో వచ్చారు. అవి ఆయనవి కావనేవాళ్లూ ఉన్నారు, తాతయ్య చివరిదాకా నమ్మలేదు. అయినా నాన్నగారు తాతయ్య పేరు చెప్పి దణ్ణం పెట్టారు.

సరే చిన్నా, అడిగేస్తున్నాను. నువ్వు ఉద్యోగం మానేశావని సుబ్బారావు మావయ్యకి ఎవరో చెప్పారు. మావయ్య నాతో అన్నాడు, నాన్నగారికి ఇంకా తెలియదు. నిజమైతే నిజమని చెప్పు. మానేసినందుకు కోప్పడను, ఎందుకో కారణం ఉండే ఉంటుంది. వాళ్లే తీసేశారా? అయినా ఫరవాలేదు. పీఎఫ్ డబ్బు మాత్రం తియ్యకు. ఫ్లాట్ ఈఎంఐ కట్టలేకపోతే బ్యాంకు వాళ్లు ఫోన్ చేసేదాకా ఆగకు, నా పోస్టాఫీసు డబ్బు మార్చిలో వస్తుంది. కంపెనీ వాళ్లిచ్చిన ఇన్సూరెన్స్ ఉద్యోగంతో పాటే పోతుంది కాబట్టి వేరేది తీసుకో, ఈ నెలలోనే. శేషుతో బైక్ మీద తిరగకు.

అబద్ధమైతే మావయ్యకి నేనే గట్టిగా చెబుతాను.

అక్కడ రాత్రి ఏడయితే ఇక్కడ పదిన్నర, నాన్నగారు అప్పటికి నిద్రపోతారు. నాతో ఒక్కదానితోనే మాట్లాడాలంటే ఆ వేళకి చెయ్యి, ఫోన్ వంటింట్లో నా దగ్గరే పెట్టుకుంటున్నాను.

అమ్మ