సుగ్గి వలస బాటలో అంగన్‌వాడీకి దూరమవుతున్న పసిపిల్లల గురించి మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ మహిళాభివృద్ధి, శిశు సంక్షేమ శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

దసరా దాటిన తర్వాత కర్నూలు జిల్లా పడమటి మండలాలైన కోసిగి, పెద్దకడబూరు, కౌతాళం, హొళగుందల్లో ఎన్నో ఇళ్లకు తాళాలు పడతాయి. వాన మీద ఆధారపడిన సేద్యం అప్పు తీర్చలేనప్పుడు ఇంటిల్లిపాదీ పత్తి తీతకూ మిరప కోతకూ గుంటూరు, పల్నాడు వైపు సుగ్గికి, అంటే కోతల కాలపు కూలి వలసకు, బయలుదేరతారు. చాలామంది మళ్లీ ఊరు చూసేది ఉగాదికే. బడికి వెళ్లే పిల్లల చదువు ఆగకూడదని ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు నడుపుతోంది. అది మంచి పని. కానీ ఆరేళ్లలోపు పిల్లలకు ఆ హాస్టళ్లలో చోటు లేదు. వాళ్లు తల్లి వెంట వెళ్లి, చేను గట్టున పట్టా గుడిసెలో ఆ నెలలన్నీ గడుపుతారు.

ఒకటో తరగతికి పాఠం చెప్పే ఉపాధ్యాయుడిగా నా బాధ ఇక్కడే ఉంది. అక్షరం నిలవని పిల్లవాణ్ని మొద్దు అనడం మనకు తేలిక. కానీ మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని 2020 జాతీయ విద్యా విధానం చెబుతోంది. తల్లి కడుపులో పడినది మొదలు రెండేళ్లు నిండేవరకు, అంటే సుమారు వెయ్యి రోజుల్లో, ఇనుము, మాంసకృత్తులు చాలకపోతే ఆ లోటు ఏకాగ్రత మీద, జ్ఞాపకశక్తి మీద పడుతుంది. తరువాత ఎంత తినిపించినా అది పూర్తిగా పూడకపోవచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 31.2 శాతం మంది వయసుకు తగిన ఎత్తు లేరు. ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు వారిలో 63.2 శాతం మందికి రక్తహీనత ఉంది. అంగన్‌వాడీ గుడ్డు, పాలు, వారానికి రెండుసార్లు వేయాల్సిన ఐరన్ సిరప్ ఎక్కువ అవసరమైన ఈ పిల్లలకే అవి ఏటా నెలల తరబడి తప్పిపోతున్నాయి.

రేషన్ కార్డుతో బియ్యం ఏ ఊళ్లోనైనా తీసుకోవచ్చు. వలస వెళ్లిన లబ్ధిదారుల పేర్లను మరో కేంద్రానికి మార్చే వీలు అంగన్‌వాడీ వివరాలు నమోదు చేసే పోషణ్ ట్రాకర్ యాప్‌లోనూ ఉంది. అయితే చీకటితో చేనుకు వెళ్లి, పొద్దుగూకాక తిరిగొచ్చే తల్లి, పరాయి ఊళ్లో కేంద్రం ఎక్కడుందో వెతుక్కుని ఆ మార్పు చేయించుకోగలదని ఎదురుచూడటం న్యాయం కాదు. ఆ పని శాఖే చేయాలి. కుటుంబం ఊరు విడిచేలోపే ఇక్కడి అంగన్‌వాడీ కార్యకర్త పిల్లల, గర్భిణుల వివరాలను అక్కడి కార్యకర్తకు అందించాలి. గుడారాలు ఎక్కువగా ఉన్నచోట మిరప కోతలు ముగిసేదాకా తాత్కాలిక కేంద్రం, దానికి అనుబంధంగా శిశు సంరక్షణ గది నడపాలి. పని చోట ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు ఉన్నా చాలు, వారిని చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టంలోనే రాసినప్పుడు, వందలాది కుటుంబాలు దిగే మిరప చేల దగ్గర ఆ మాత్రం ఏర్పాటు అసాధ్యమని నేను అనుకోను.

ఉగాదికి తిరిగొచ్చిన ప్రతి బిడ్డకూ వెంటనే బరువు, ఎత్తు, రక్త పరీక్ష చేయించాలని కూడా కోరుతున్నాను. ఈ ఉత్తర్వులు రాబోయే దసరాకు ముందే వెలువడితే, ఈ ఏడు బయలుదేరే పిల్లలకు అందుతాయి.

భవదీయుడు,
కర్నూలు జిల్లా పడమటి ప్రాంతపు ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు