చలిగాలి మొదలైంది, మీ వంటింటి జ్ఞాపకాలు పంపండి

అందరికీ నమస్కారం. ఆకులు రాలే కాలం వచ్చేసింది. సాయంత్రం గాలి కాస్త చల్లబడితే చాలు, నాకు కాల్చిన చిలగడదుంప గుర్తొస్తుంది.

వంటంతా అయ్యాక అమ్మమ్మ బూడిద కప్పిన నిప్పుల్లో దుంపల్ని దూర్చేది. "అప్పుడే తీయకు, ఇంకా తీపి ఎక్కలేదు" అనేది. గంటకు పైగా కాచుకుని కూర్చునేవాళ్లం. ఆ మాట అక్షరాలా నిజమని పెద్దయ్యాక తెలిసింది. లోపలి వేడి 60 నుంచి 75 డిగ్రీల సెల్సియస్ మధ్య నిదానంగా పెరిగితే, దుంపలోని ఎంజైమ్ పిండిపదార్థాన్ని మాల్టోజ్ అనే చక్కెరగా మారుస్తుంది. మైక్రోవేవ్‌లో గబగబా ఉడికిస్తే అంత తీపి రాదు. తొక్క చీలిన చోట పాకం బుడగలు కట్టి, నల్లగా అంటుకునేది. దుంపను రెండుగా విరిచి, ఊది ఊది, పెద్ద ముక్క నా చేతిలో పెట్టేది.

నాన్నకైతే గుమ్మడికాయ సూపే, మిరియాలు ఘాటుగా పడాలి. ఇప్పుడు మా పిల్లలూ అదే అడుగుతున్నారు.

ఈ వారం మీరూ రాయండి. కొలతలు గుర్తులేకపోయినా పర్లేదు, ఎవరు వండేవారో, మీరెక్కడ కూర్చుని తినేవారో చెప్పండి చాలు. రాయడం కష్టమైతే వాయిస్ మెసేజ్ పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఇవాళే అడగండి. మా అమ్మమ్మని నేను అడగాల్సినవి చాలా మిగిలిపోయాయి.