తెలిస్తే ముందే వచ్చేవాణ్ణి

బొలోన్యా, మార్చి 9

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది. ఎన్ని తిట్లు తిట్టినా పడతాను. ఆరోగ్యం బాగుంది, అద్దె పెరిగింది, అమ్మ పంపిన గోంగూర పచ్చడి అయిపోయింది. మిగతావి తర్వాత. నిన్నటి సంగతి నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

జూన్‌లో ఇటాలియన్ భాషలో బీ2 స్థాయి పరీక్ష కదా, ఆ టెన్షన్‌తో నెల రోజులుగా ఒకే వాక్యం పట్టుకుని ఉన్నాను. "తెలిసి ఉంటే వచ్చి ఉండేవాణ్ణి" అనడానికి వ్యాకరణం ప్రకారం "సె లవెస్సి సపూతో, సరేయ్ వెనూతో" అనాలి. మొదటి సగానికి కొంజుంతీవో (జరగనిదాన్ని ఊహించి చెప్పే క్రియారూపం), రెండో సగానికి కొందిత్సియొనాలె (అలాగైతే ఏం జరిగేదో చెప్పే రూపం). తారుమారైతే మార్కులు పోతాయి. స్నానం చేస్తూ కూడా అదే జపం.

నిన్న ఇక్కడి మెర్కాతో దెల్లె ఎర్బె అనే బజారులో కూరలమ్మే ముసలావిడ దగ్గర ఆర్టిచోక్‌లు అయిపోయాయి. పొద్దున్నే వస్తే దొరికేవంది. నేను వాక్యం మొత్తం పొల్లుపోకుండా అప్పజెప్పాను. ఆవిడ ఖాళీ బుట్ట బోర్లించి, చేతుల మట్టి ఏప్రన్‌కి తుడుచుకుంటూ, "ఎహ్, సె లో సపేవి, వెనీవి ప్రీమా!" (తెలిస్తే ముందే వచ్చేవాడివి!) అంది.

అంతేరా! రెండు వైపులా ఉత్త ఇంపెర్ఫెత్తో, అంటే మామూలు భూతకాల రూపం. "వెనీవో" అంటే "చిన్నప్పుడు రోజూ వచ్చేవాణ్ణి" అంటామే, ఆ "వచ్చేవాణ్ణి". మరి మనమేమంటాం? "తెలిస్తే ముందే వచ్చేవాణ్ణి కదరా!" అదే రూపం! ఉల్లికాడలు చేతిలో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. పక్కన నువ్వుంటే ఎంత బాగుండేదో.

సాయంత్రం టీచర్‌ని అడిగితే, పరీక్షలో అలా రాస్తే తప్పేనంది. విరామంలో ఆవిడే ఫోన్లో వాళ్ళమ్మతో "సె మె లో దిచేవి, పస్సావో ఇయో!" (నాకు చెబితే నేనే వచ్చేదాన్ని కదా!) అంటోంది. నన్ను చూసి నవ్వేసి, కూర్చోబెట్టి చాలాసేపు చెప్పింది.

1861లో ఇటలీ ఒక్క దేశమైనప్పుడు ఇటాలియన్ వచ్చినవాళ్ళు నూటికి ఇద్దరు ముగ్గురేనని తుల్లియో దె మౌరో అనే భాషావేత్త లెక్కట. మిగతా జనానికి ఎవరి ప్రాంతపు మాట వాళ్ళది. అంటే ఇది శతాబ్దాలపాటు పుస్తకాల్లో బతికి, ఈమధ్యే వీధిలోకి వచ్చిన భాష. అందుకే ఆ బిగువు. 1985లో ఫ్రాంచెస్కో సబాతీని అనే ఇంకో భాషావేత్త ఇలాంటి వాడుకలన్నీ పోగేసి, చదువుకున్నవాళ్ళూ మాట్లాడేది ఇదేనని రాశాడట. తర్వాత ఆయనే, 1583లో పుట్టిన క్రుస్కా అకాడమీకి, అంటే ఇటాలియన్ భాషకి కాపలా కాసే సంస్థకి, అధ్యక్షుడయ్యాడు! నాకు వెంటనే మన గిడుగు రామమూర్తిగారు గుర్తొచ్చారు. మన బండి ఱ మాస్టారూ గుర్తొచ్చారు, ఆ ఎర్ర సిరా సున్నాలతో సహా.

కొంజుంతీవో పోవాలనట్లేదురా. కాగితం మీద దాని అందం దానిదే, పరీక్షలో అదే రాస్తాను. కానీ ఆ ముసలావిడ మాటని తప్పు అంటే మాత్రం మనసొప్పట్లేదు. అది కూడా...

అన్నట్టు "ఆ మె మి ప్యాచె" అని ఇంకొకటుంది, "నాకు నాకు ఇష్టం" అన్నట్టు. దాని కథ వింటే నువ్వు... అయ్యో, బస్సు వచ్చేస్తోంది. అత్తయ్యకి నమస్కారాలు.

నీ
బావ